నా పేరున్న ఆవిడ

నానబెట్టిన చూన్యో దుంపల్ని మూడోసారి పిండుతున్నాను. ఎండు దుంపలు పిండటం కూడా ఒక పనేనా అంటారు మా అత్తగారు. సరిగ్గా పిండకపోతే మాత్రం చేదుగా ఉందని పళ్ళెం పక్కకి తోసేస్తారు. గురువారం, పొద్దున పది కావస్తోంది. అప్పటికే పద్దెనిమిది జతల బడి బూట్లకి పైతోళ్ళు కుట్టేశాను. మార్చిలో బళ్ళు తెరుస్తారు. ఫిబ్రవరి వచ్చిందంటే మా అరెకీపా ఊళ్ళో బూట్లు కుట్టే ఏ ఇంట్లోనూ ఆడదానికి ఊపిరాడదు.

ఎవరో తలుపు కొట్టారు. అత్తగారు వెళ్ళి తీశారు.

"సెన్యోరా జెనాయిదా మామానీ గారున్నారా? బూట్ల కార్ఖానా యజమానురాలు?" మగగొంతు.

అత్తగారు పకపకా నవ్వారు. "యజమానురాలా! అయ్యో నాయనా, అది నా కోడలు. వంటింట్లో ఉంది."

నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. పెళ్ళయి పదమూడేళ్ళు. ఆ మాట నన్నెవరూ అనలేదు. కార్ఖానా నా మొగుడు టియోఫిలోది. నేను చేసేది సాయం. "మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు కాస్త సాయం చేస్తుంది" అని తోలు అమ్మేవాళ్ళకి చెబుతుంటాడు. ఖాళీగా ఉన్నప్పుడు రోజుకి ముప్పై జతలు కుడతాను. చేతులు ఖాళీ లేనప్పుడు వండుతాను.

వచ్చినవాళ్ళు ఇద్దరు. మెడలో పన్నుల ఆఫీసు కార్డులు. పెద్దాయన లొయాసా అని పేరు చెప్పుకున్నాడు. రెండో మనిషి నా ఈడు ఆడది, చేతిలో ఫోను. "తొమ్మిదేళ్ళుగా మీరు ఒక్క ఏడాది లెక్కా దాఖలు చెయ్యలేదు సెన్యోరా. నోటీసులకి మాత్రం జవాబులు బాగానే రాశారు" అంటూ లొయాసా లోపలికి నడిచేశాడు. నేను తడి చేతులు తుడుచుకునేలోపే ఫ్రిజ్‌కి ఫోటో, టీవీకి ఫోటో, గోడకున్న మేరీమాతకి కూడా ఫోటో. ఆ అమ్మాయి పడకగదిలోకెళ్ళి బీరువా తెరిచింది. నా లోబట్టలు పక్కకి జరిపి వెనకేముందో చూసింది. నెలసరికి మడిచి పెట్టుకున్న గుడ్డల్నీ వదల్లేదు, వాటికీ ఫోటో తీసింది. తల కొట్టేసినట్టయింది నాకు.

"ఇంట్లో సోదా చెయ్యాలంటే జడ్జిగారి కాగితం ఉండాలి కదా?" అన్నాను. మిషను దగ్గర రోజంతా రేడియో మోగుతుంది, అందులో విన్న మాట.

"మీరే రమ్మన్నాక జడ్జి ఎందుకు?" అన్నాడు లొయాసా, సంచిలోంచి కాగితం తీసి చూపిస్తూ.

సోదాకి నాకు అభ్యంతరం లేదని రాసుంది. మొన్న సోమవారం తేదీ. కింద నా పేరుతో సంతకం. మొదటి అక్షరానికి పొడుగాటి తోక, చివర ఒక సుడి. నేనలా పెట్టను. చిన్నప్పుడు టీచరమ్మ నేర్పినట్టు ఏ అక్షరానికా అక్షరం విడివిడిగా, పేరంతా రాస్తాను. ఈ సంతకం పెట్టినామె చెయ్యి బాగా తిరిగిన మనిషి. కాగితం తిరిగిచ్చేశాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సంతకం పెట్టినావిడ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. చూన్యో మళ్ళీ పట్టుకున్నాను, వెనక నిలబడి చూస్తోంది. నా పేరున్న ఆవిడ. టోకున తోలు కొంటుంది, ఆఫీసులకి జవాబులు రాస్తుంది, పరాయివాళ్ళని మా పడకగదిలోకి రమ్మంటుంది. తొమ్మిదేళ్ళు ఆవిడ బయట తిరుగుతుంటే నేను మూడు కొత్త సూదులు కావాలన్నా టియోఫిలోని అడిగాను. "మొన్నే కదే ఇచ్చాను, తింటున్నావా సూదులు?" అనేవాడు. ఆవిణ్ణి అలా అనేవాడా? బీరువా తలుపు మూసొచ్చినా మూసుకోలేదేమో అనిపించి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశాను. లోబట్టలన్నీ తీసి ఉతికి ఆరేశాను. ఆరాక వేసుకోబుద్ధి కాలేదు. అద్దంలో చూసుకుంటే నాకన్నా ముందు ఆవిడ చూసిందేమోనని చటుక్కున తల తిప్పేసుకున్నాను. పట్టపగలు, ఎర్రటి ఎండలో, నా ఇంట్లో నాకు భయమేసింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన టియోఫిలో అంతా విని, చెంచా కింద పెట్టకుండానే చెప్పాడు.

"లీనా పుట్టిన ఏడాది బ్యాంకులో నా పేరు చెడిపోయింది కదే. అందుకని కార్ఖానా నీ పేర నమోదు చేయించా. నువ్వే సంతకం పెట్టావు, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. బాలింతరాలిని, పదిహేనో రోజు. పిల్లకి పాలిస్తున్నాను. ఇక్కడ పెట్టు అన్నాడు, పెట్టాను. అది నాదే.

"మరి మిగతావి?"

"నేను పెట్టా. పనిలో ఉంటావు, ప్రతిదానికీ నిన్నేం లేపుతాను? అయినా నీ పేరు నాది కాదా ఏంటి?"

"ఇంట్లోకి రమ్మని కూడా నువ్వే పెట్టావా?"

"కార్ఖానాకి సీలేస్తామన్నారు జెనా, ఇల్లు చూడనిస్తే ఆగుతామన్నారు! సరుకంతా అక్కడుంది. ఇంట్లో ఏముంది, నీ చీపురూ చాటా. చూసుకుని పోతారనుకున్నా."

ఇంట్లో నేనున్నానని అతనికి తట్టలేదు. కోపం కూడా రాలేదు నాకు అప్పుడు.

శుక్రవారం పన్నుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. నోటీసుల జవాబుల మీద సంతకాలకీ నమోదు కాగితం మీద సంతకానికీ పొంతన లేదట. సోమవారం నేనే స్వయంగా వచ్చి అవి నావేనని ఒప్పుకోవాలి, వాళ్ళ ఎదుట మళ్ళీ పెట్టి చూపించాలి. అప్పుడు దిగింది టియోఫిలో మొహం.

ఆదివారం అన్నాలయ్యాక బల్ల తుడిచి కాగితాల దొంతర పెట్టాడు. నా పక్కన కూర్చుని నా పేరు ఎలా పెట్టాలో నాకు నేర్పాడు.

"తోక ఇంకా కిందికి లాగు. భయపడకు. ఆ, అక్కడ ఆగకు, ఒక్క ఊపులో పోవాలి."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. "వాడు పెట్టినట్టు రాలేదే. కాస్త మనసు పెట్టు."

"నా పేరుకి నేను మనసు పెట్టాలా అత్తమ్మా?"

"మొగుణ్ణి జైలుకి పంపుతావా మరి? పిల్ల మొహం చూడు."

లీనా గుమ్మంలో నిలబడుంది. తొమ్మిది నిండి పదిలో పడింది. "అమ్మకి పేరు రాయడం రాదా నాన్నా?" అని అడిగింది. టియోఫిలో నవ్వి, "వచ్చేస్తుందిలే" అన్నాడు.

నలభయ్యో యాభయ్యో పెట్టాక వచ్చేసింది. అచ్చం అదే. అతను నా నెత్తిన ముద్దు పెట్టుకున్నాడు, "శెభాష్" అన్నాడు. పదమూడేళ్ళలో నేను కుట్టిన ఏ బూటుకీ ఆ మాట రాలేదు. అందరూ లేచాక ఒక్కదాన్నే కూర్చుని, పేపరు అంచున నా పాత సంతకం పెట్టుకుందామని చూశాను. తోక వచ్చింది. మళ్ళీ పెట్టాను, సుడి కూడా వచ్చింది. టీచరమ్మ నేర్పిన అక్షరాలు ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఆ చెయ్యి నాది కాదు. వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

సోమవారం ఆఫీసులో టియోఫిలో నా పక్క కుర్చీ లాక్కున్నాడు. "మా ఆవిడకి ఇవన్నీ తెలియవు సార్, నేనుంటా."

లొయాసా కాగితాలు వరసగా పేర్చాడు. పైన ఆ సోదా కాగితం. "ఇది మీ సంతకమేనా సెన్యోరా?"

"నాది కాకపోతే ఏమవుతుంది?"

టియోఫిలో నా మోచేతి మీద గట్టిగా నొక్కాడు. జవాబిచ్చింది లొయాసా కాదు, ఆ రోజు బీరువా తెరిచిన అమ్మాయి. "మీది కాకపోతే మేం మీ ఇంటికి రావడం చెల్లదు. తీసిన ఫోటోలన్నీ చెరిపెయ్యాలి. సంతకం పెట్టినవాళ్ళ మీద కేసవుతుంది." చెబుతున్నంతసేపూ నా కళ్ళలోకి చూడలేదు.

లొయాసా ఆమెకేసి కొరకొరా చూసి నాకేసి తిరిగాడు. "ఎందుకు సెన్యోరా లేనిపోని గొడవ? అవునంటే వాయిదాల మీద తేలిపోతుంది. అందరికీ మంచిది."

"అదే సార్ నేనూ చెప్పింది" అన్నాడు టియోఫిలో.

అప్పుడర్థమైంది నాకు. నాలుగు రోజులుగా ఒకరు పట్టుకోవాలనీ ఒకరు తప్పించుకోవాలనీ చూస్తున్న ఈ ఇద్దరికీ కావలసింది ఒకటే. నా పేరున్న ఆవిడ రావాలి, తల ఊపి పోవాలి. నేను వచ్చినట్టు ఎవరికీ తెలియదు.

కలం తీసుకున్నాను. చెయ్యి తోక వైపు లాగేసింది. ఆపాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒక్కొక్క అక్షరం రాశాను. బళ్ళో పిల్ల రాసినట్టు వంకరగా వచ్చింది, కానీ వచ్చింది. నమోదు కాగితం పక్కన పెట్టి చూపించాను.

"ఇది నా సంతకం. మిగతావేవీ నావి కావు. మా ఇంటి ఫోటోలు ఇక్కడే, నా ఎదుటే చెరపండి. తొమ్మిదేళ్ళ లెక్కలు నేనే దాఖలు చేస్తాను, గడువివ్వండి."

టియోఫిలో దిగ్గున లేచాడు. "జెనా! నీకేమైనా పిచ్చి పట్టిందా? కార్ఖానా పోతుందే!"

"పోతే నా కార్ఖానా పోతుంది" అన్నాను. "నువ్వు కూర్చో."