మిరపకాయల మర

వుకోయె పిన్నులు దిగగొట్టే ఇనుప పంచ్‌ను చిల్లు దగ్గర పెట్టి చూశాడు. లావు. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. ఇది మరీ సన్నం, కొడితే వంగుతుంది. మూడోదాన్ని అందుకునే ముందు చేతులు పాంటుకు తుడుచుకున్నాడు.

సహకార సంఘం ట్రాక్టర్ల షెడ్డులో పెళ్ళికి ముందు నుంచీ అతని పని ఇదే. బిగుసుకున్న పిన్నును కదల్చడానికి మొదట పొట్టి పంచ్, మొన వైపు సన్నబడేది. కదిలాక దాన్ని మార్చాలి. బద్ధకించి అదే దిగగొడితే చిల్లులో ఇరుక్కుని పోత ఇనుము పగులుతుంది. ఆపైన పొడుగునా ఒకే లావున్నది, చిల్లు కంటే వెంట్రుకవాసి సన్నం. ఎవరైనా తొందరపడితే వాళ్ళ చేతిలోంచి సుత్తి లాక్కునేవాడు.

ఇవాళ బల్ల మీద ఉన్నది ట్రాక్టరు సామాను కాదు. భార్య దెసాంక మిరపకాయల మర. మూడేళ్ళ కిందట, బనాత్ ప్రాంతపు ఊళ్ళన్నీ ఎర్రమిరపకాయలు కాల్చి అయ్‌వార్ పచ్చడి పట్టుకునే రోజుల్లో, దాని పిడిని పట్టి ఉంచే పిన్ను వంగి, పిడి ఉత్తుత్తినే తిరగడం మొదలెట్టింది. ఇంటి సామానే కదా అని వుకోయె వంటింట్లోనే, చేతికందిన మేకుతో నాలుగు బాదాడు. పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుంది.

"ఊళ్ళోవాళ్ళ ట్రాక్టర్లకి సైజు చూసి పంచ్ తీస్తావు. నా మరకి మేకా?" అంది దెసాంక.

"రేపు షెడ్డుకి తీసుకెళ్తాలే."

ఆ రేపటి కోసం చూస్తూ మూడు పంటల కాయలు ఆమె చిన్న కత్తితోనే తరిగింది. పొరుగింటి మిలేవా మర ఇస్తానన్నా తీసుకోలేదు. మెకానిక్ పెళ్ళాం మర అరువు తెచ్చుకుంటే ఊరు నవ్వుతుందని ఆమె భయం. ఆ ఊరు నవ్వడానికి అంత కారణం కూడా అక్కర్లేదు.

మొన్న గుండెనొప్పితో ఆమెను పట్నం ఆసుపత్రిలో చేర్చారు. నిన్న మంచం మీంచి ఒక్కటే అడిగింది: "కాయలు మెత్తబడుతుంటాయి. మర బాగుచేసి, ఆ మాట నువ్వే వచ్చి చెప్పు."

షెడ్డు గుమ్మంలో మిలేవా ఆగింది. చేతిలో గుడ్డ కట్టిన కోడి సూపు గిన్నె.

"పద అన్నా, బస్సొచ్చేస్తోంది."

"ఇంకొక్క దెబ్బ."

"మూడేళ్ళ నుంచీ ఆ ఒక్క దెబ్బే కదా. బస్సు ఆగదు. మర ఎక్కడికీ పోదు."

"ఇప్పుడు తొందరపడితే పగులుతుంది. నువ్వు నడు, తర్వాతి బస్సుకి వస్తా."

"దెసాంకకేం చెప్పను?"

"వస్తున్నాడని చెప్పు."

"అదేం కొత్త మాట కాదులే," అంటూ మిలేవా వెళ్ళిపోయింది.

అతను విచ్చుకున్న తలను ఆకురాయితో అరగదీశాడు. చిల్లున్న చెక్కదిమ్మ మీద పిడిని ఆనించి, పొట్టి పంచ్‌తో ఒక దెబ్బ కొట్టాడు. పిన్ను కదిలింది. పంచ్ మార్చి తేలిగ్గా తట్టాడు. పిన్ను దిమ్మలోంచి జారి నేల మీద టింగుమంది. కొత్తది వేసి తిప్పితే పిడి నిద్రలో తిరిగినంత మెత్తగా తిరిగింది. ఇంత చిన్న పని. షెడ్డులో ఎవరూ లేకపోయినా అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. దెసాంకకు చూపిద్దామని పాత పిన్నును జేబులో వేసుకున్నాడు.

తర్వాతి బస్సు దిగేసరికి మిలేవా ఆసుపత్రి మెట్ల మీద కూచుని ఉంది. గిన్నెకు కట్టిన గుడ్డ విప్పలేదు. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

"మర సంగతి అడిగింది," అంది మిలేవా. "పిన్ను ఊడిందని చెప్పేశాను."

"అప్పటికి ఊడే ఉంటుంది."

"ఏ పంచ్‌తో కొట్టాడంది. నాకేం తెలుసు? సరైనదానితోనే అన్నాను. నవ్వింది. తర్వాత మళ్ళీ కళ్ళు తెరవలేదన్నా."

జేబులో అతని వేళ్ళు పిన్నును పట్టుకునే ఉన్నాయి.

చీకటిపడే వేళకు షెడ్డులోంచి మర తీసుకుని ఇంటికొచ్చి, దాన్ని వంటింటి బల్లకు బిగించాడు. ఎక్కడ బిగించాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆమె బిగించీ బిగించీ పడిన నొక్కు బల్ల అంచున అలాగే ఉంది. కాయల బుట్ట అడుగు తడిసింది. పక్కనే ఆమె కత్తి: అలుగు అరిగి సన్నబడింది, చెక్క పిడి మీద బొటనవేలు ఆనే చోట, ఎంత కడిగినా పోని ఎర్రటి మరక.