స్టాంపు కింద మాట

పొద్దున్నే నాన్న చేసే మొదటి పని పళ్లెంలో నీళ్లు పోయడం. వాడేసిన కవర్ల మీంచి స్టాంపు ఉన్న ముక్కల్ని, చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరిస్తాడు. బొమ్మ పైకి ఉండేలా నీళ్ల మీద వదులుతాడు. ఇక కుర్చీలోంచి కదలడు. జిగురు కరిగి స్టాంపు తనంతట తాను జారాలి. అప్పుడు చిన్న పట్టుకారుతో తీసి, అద్దుడు కాగితం మీద బోర్లా ఆరబెడతాడు.

జిగురు కరిగేటప్పుడు నీళ్లు ఒక మాట అంటాయి. నాలుకతో తడిపి ఆ స్టాంపు అంటించినవాళ్లు అప్పుడు ఏ మాట మింగేశారో ఆ మాట, వాళ్ల గొంతుతోనే. చాలావరకు పెద్ద విశేషాలేం ఉండవు. ఒకటి "నడుం నొప్పి" అంటుంది, ఇంకొకటి "నీ మొహం" అంటుంది. పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటారు, అంతే. తొందరపడి లాగితే మాత్రం స్టాంపు చిరిగిపోతుంది. నీళ్లు ఒకసారి దగ్గి ఊరుకుంటాయి. ఆ మాట ఇక రాదు.

కూతురికి ఇరవయ్యారేళ్లు, బట్టలు కుడుతుంది. కాళ్లకి చక్రాలు కట్టుకున్న మనిషి. ఆమె చేతిలో పడ్డ స్టాంపు ఒక్కటీ బతికి బట్టకట్టలేదు.

ఒక సాయంత్రం ఐదింటికి ఆమె ఒక నీలం కవరు తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. పందొమ్మిదేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిన అమ్మ నాన్నకి రాసిన ఒకే ఒక్క ఉత్తరం. "బాగున్నాను. వెతుక్కుంటూ రావద్దు." నాన్న దాన్ని బీరువాలో దాచాడు గానీ ఏనాడూ నానబెట్టలేదు.

"ఇదెందుకిప్పుడు?" అన్నాడు.

"డ్రైవర్ బాబాయ్ అమ్మని చూశాడట నాన్నా. టోపీల కార్ఖానాలో పని చేస్తూ అక్కడే ఉంటోందట. రేపటితో అది మూసేస్తారు, ఆ తర్వాత అమ్మ ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఆయన బస్సు ఐదున్నరకి. స్టాంపు నానబెట్టి వస్తానని చెప్పాను. రావద్దన్న మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నిజంగా వద్దనుకుందో లేదో తెలియాలి."

నాన్న కవరుని అటూ ఇటూ తిప్పి, కత్తెర అందుకున్నాడు. "రంగు కవరు. చన్నీళ్లలో, విడిగా. అరగంట పైనే పడుతుంది."

"అరగంటా!"

నీళ్లు నీలంగా మారాయి. నాన్న పళ్లెం వంచి పారబోసి, మళ్లీ పోశాడు. ఆమె లేచింది, కూర్చుంది, సర్దిన సంచే మళ్లీ సర్దింది. స్టాంపు ఓ మూల కొంచెం లేచింది. ఆమె వేళ్లు అటు పోయాయి.

"ముట్టుకోకు."

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వీధి చివర బస్సు హారన్ మోగింది, మళ్లీ మోగింది. ఐదున్నర దాటింది. ఇక అయిపోయిందనుకుంది, అయినా చేతులు బయటికి తియ్యలేదు.

కాసేపటికి డ్రైవరే గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకా ఊడలేదా?"

"నువ్వు వెళ్లిపో బాబాయ్. జనం తిడతారు."

"తిట్టారు. స్టాంపు నానుతోందని చెప్పాను. సరే, కానివ్వు అన్నారు."

అప్పుడు స్టాంపు జారింది.

"పాపని పంపించు," అన్నాయి నీళ్లు.

అమ్మ గొంతు మర్చిపోయానని ఆమె ఇన్నాళ్లూ అనుకునేది. మర్చిపోలేదు.

"నీకు తెలుసా నాన్నా?"

"అనుమానం." ఆయన పళ్లెంలోకే చూస్తున్నాడు. "పంపిస్తే నువ్వు తిరిగి రావేమోనని భయం. అందుకే నానబెట్టలేదు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. పళ్లెం ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగింది. "నువ్వూ రా."

"నన్ను పిలవలేదుగా."

ఆయన స్టాంపుని పట్టుకారుతో తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "గుప్పిట ముయ్యకు. తడి మీద మడత పడితే ఇక పోదు."

బస్సులో ఎవరో లేచి కిటికీ పక్క చోటిచ్చారు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేని మనిషి, రెండు గంటల దారంతా ఆ చెయ్యి కదపలేదు. టోపీల కార్ఖానా తలుపు తట్టడానికి రెండో చెయ్యి ఎత్తింది. స్టాంపున్న చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంది.