అల్లుడి గడ్డం

మోటార్లకు వైండింగ్ చేసే అల్లుడు గడ్డం పెంచింది భక్తితోనూ కాదు, ఫ్యాషన్‌కూ కాదు. భార్య పురిటికి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో గీసుకునే తీరిక లేకపోయింది. ఇంటికొచ్చాక ఆమె చూసి, "బాగానే ఉంది, ఉంచెయ్" అంది. ఉంచేశాడు.

ఆమె తండ్రికి మాత్రం అది కంట్లో నలుసైంది. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు సంఘ పెద్ద. చర్చిలో బెంచీ వంకరగా ఉన్నా ఊరుకోడు. రోజూ తెల్లారకముందే నున్నగా గీసుకుంటాడు.

ఒక ఆదివారం ఆరాధనలో, ప్రభు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం అందుకుని అందరికీ పంచడం అల్లుడి వంతు. అతను చెయ్యి చాచాడు. మాస్టారు పళ్ళెం వదల్లేదు.

"గడ్డంతో బల్ల దగ్గరికి రాకూడదు. పక్కకు తప్పుకో" అన్నాడు, ముందు వరుసలన్నిటికీ వినిపించేలా.

అల్లుడి చెవులు కాలిపోయాయి. పాస్టరు గారు తల దించుకుని పాటల పుస్తకం తిరగేశాడు. అల్లుడు వెనక్కి నడుస్తుంటే ఎవరో కిసుక్కుమన్నారు.

మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనాల దగ్గర చిలికి చిలికి గాలివానైంది.

"చెరసాల్లోంచి వచ్చినవాడు కూడా గొరిగించుకునే రాజు ముందుకెళ్ళాడు. బైబిలు చదువుతావా, చదవవా?" అన్నాడు మామగారు.

"యాజకుడికి తైలం కారింది గడ్డం మీదుగానే కదా మావయ్యా. ఆ పేజీ మీ బైబిల్లో చిరిగిపోయిందేమో."

"ఎదురు చెప్పడం కూడా గడ్డంతోపాటే పెరిగింది."

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నారు" అని అల్లుడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. భార్య పాపను ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది. తండ్రి "నువ్వు కూర్చో" అన్నా వినలేదు.

టైర్ల కొట్టు మీది గదిలో కొందరు ప్రార్థనకు వేరుగా కూడుకునేవారు. గడ్డం గీయడం దేవుడిచ్చిన రూపాన్ని చెరపడమే అని వాళ్ళ వాదన. వాళ్ళ నాయకుణ్ణి అందరూ పెద్దన్న అనేవారు. ఆయన గడ్డం పొట్ట దాకా ఉంటుంది. ఆ వారం అల్లుడు మెట్లెక్కగానే ఆయన కౌగిలించుకున్నాడు.

"నున్నటి మూతుల వాళ్ళు నిన్ను తోసేశారు. దేవుడు ఇక్కడికి చేర్చాడు" అన్నాడు.

అవమానపడ్డవాడికి ఆ మాట పానకంలా దిగింది. రెండు నెలలు వెళ్ళాడు. పెద్దన్న ప్రతి ప్రసంగంలోనూ అతన్ని నిలబెట్టి, మామగారి కథ చెప్పి, అతని గడ్డం చూపించేవాడు. మొదట్లో ఛాతీ పొంగింది. పోనుపోను మొహం మీద జెండా పాతినట్టు అనిపించసాగింది.

ఒకరోజు బ్యాంకు కాపలావాడు ఒకడు యూనిఫాంలోనే వచ్చాడు. భార్యకు మర్నాడు ఆపరేషన్, ప్రార్థన చెయ్యమని అడిగాడు. పెద్దన్న అతని గడ్డం వంక చూశాడు. అక్కడేమీ లేదు.

"ముందు నీ మొహం మారుమనస్సు పొందాలి తమ్ముడూ. తర్వాత ప్రార్థన."

"గీసుకోకపోతే డ్యూటీలోకి రానివ్వరండీ" అన్నాడు కాపలావాడు, టోపీ నలుపుతూ.

"అయితే ఉద్యోగాన్నే అడుక్కో."

అల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచాడు.

"వాడు ఇల్లు కాలి ఏడుస్తుంటే మీరు చుట్టకి నిప్పడుగుతున్నారు. మా మావయ్య నయం, పళ్ళెమే లాక్కున్నాడు. మీరు ప్రార్థనే లాక్కుంటున్నారు."

"నోరు జాగ్రత్త. ఈ గుమ్మం దాటితే మళ్ళీ రానివ్వం."

"రమ్మన్నా రాను."

కాపలావాణ్ణి భుజం పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు. మెట్ల మీదే కూర్చుని, అలవాటు లేకపోయినా, వచ్చిన నాలుగు మాటల్లో ఆమె కోసం ప్రార్థన చేశాడు. మాటలు తడబడ్డాయి. ఇద్దరూ కలిసి ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చి బ్లేడు తీశాడు. పుట్టినప్పటి నుంచీ గడ్డంతోనే చూసిన పాప, నున్నటి మొహం చూసి కెవ్వుమని తల్లి మెడ పట్టుకుంది.

"ఎవరి కోసం గీశావు?" అంది భార్య. "మా నాన్న కోసమా?"

"ఎవరికోసమూ కాదు. దీన్ని పట్టుకుని ఇంకొకడితో కొట్లాడే ఓపిక లేదు."

ఆదివారం పాత చర్చికే వెళ్ళారు. మాస్టారు అల్లుణ్ణి చూసి, గెలిచిన జట్టును చూసినట్టు మొహం విప్పార్చాడు. బల్ల దగ్గరికి రాగానే పళ్ళెం తీసి చాచాడు.

"దారికొచ్చావు. పట్టుకో."

"రేపు మళ్ళీ పెరిగితే?"

"పెరగనిస్తావా ఏంటి?"

"పెరిగేదే కదా మావయ్యా. పెరిగినప్పుడల్లా మీరు లాక్కోవడం, గీసినప్పుడల్లా ఇవ్వడం నావల్ల కాదు. పళ్ళెం మీరే పట్టుకోండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారి చేతిలో పళ్ళెం కాసేపు గాల్లోనే ఉండిపోయింది. అల్లుడు వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని, రొట్టె వచ్చినప్పుడు అందరితోపాటే తీసుకున్నాడు.

ఆ తర్వాత మామా అల్లుళ్ళ మధ్య మాటల్లేవు. మనవరాలి కోసం మాస్టారు కూతురికి కబురు పెడతాడు. అల్లుడు పాపను తెచ్చి, తలుపు కొట్టి, అత్తగారి చేతికిచ్చి తిరిగిపోతాడు. కిటికీలోంచి మాస్టారు అతని మొహం వంకే చూస్తాడు. ఒక్కో వారం అది నున్నగా ఉంటుంది, ఒక్కో వారం గడ్డం మాసి ఉంటుంది. ఏ వారమూ అతను కిటికీ వైపు తిరగడు.