జీడిపప్పు పెట్టెలో పైవరస

పలాసలో మే నెల ఎండకి ఫ్యాను గాలి తగలనిచోట కూర్చోవడం కంటే పెనం మీద కూర్చోవడం నయం. ఆ చర్చిలో ఫ్యాన్లు ఐదు. వాటిలో నాలుగు, పాటలు పాడేవాళ్ళ వైపే ఉంటాయి. మగాళ్ళ వైపున్న ఒక్కటీ ఆ ఆదివారం కిర్రుమని ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ని పిలవాలని ఎవరికీ తోచలేదు గానీ, దానికోసం ప్రార్థన మాత్రం చేశారు.

దాంతో ఆ ఫ్యాను కిందే కూర్చునే యువరాజుకి తీరని నష్టం జరిగింది. ఇరవై రెండేళ్ళుగా ప్రసంగం మొదలవగానే కునుకు తీసే మనిషి, చెమటకి నిద్రపట్టక మొత్తం వినేశాడు.

"ఆరాధనంటే ఇక్కడ చప్పట్లు కొట్టడం కాదు. సోమవారం నువ్వు కొట్లో కూర్చుని చేసే పనే అసలైన ఆరాధన," అన్నారు పాస్టరుగారు.

యువరాజు నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు. అతనిది జీడిపప్పు కొట్టు. అరకిలో అట్టపెట్టెకి తాతలనాటి పద్ధతి ఒకటుంది: పైవరసలో నిండు పప్పు ముత్యాల్లా పేర్చాలి, కింద ముక్కలు పొయ్యాలి. కొట్లో మూత తీసినవాడు "అబ్బ!" అనాలి. ఇంటికెళ్ళాక ఏమన్నా మనకి వినపడదు.

సోమవారం పొద్దున్నే పెట్టెలన్నీ తిరగేశాడు. ముక్కలు పైకి, నిండు పప్పు కిందికి.

"ఏటండీ ఇది? బుర్ర గాని తిరిగిందేటి?" అంది భార్య రత్నాలమ్మ.

"ఆరాధన సేత్తన్నానే."

"అదేదో ఆదివారం సెయ్యండి. సోమారం యాపారం సెయ్యండి."

మొదటి బేరం ఇచ్ఛాపురం ఆసామి. మూత తీసి, "పైనే ముక్కలుంటే కిందేటుంటాది బాబూ, తవుడా?" అన్నాడు.

"కింద నిండు పప్పండి! దేవుడి సాచ్చిగా సెప్తన్నాను."

దేవుడి పేరు వినగానే ఆసామి జేబు పట్టుకుని వెళ్ళిపోయాడు.

పక్క కొట్టు ఎల్లాజీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, ఆ కిందున్నది నాకిచ్చీ. నా పెట్టెల్లో పైన పేర్సుకుంటాను!"

ఐదురోజుల్లో ఒక్క పెట్టె కదల్లేదు. యువరాజు మాత్రం గాల్లో తేలిపోతున్నాడు. పాటలు పాడుతున్నాడు, తరాజుకి దణ్ణం పెడుతున్నాడు, ఈగలు వాలితే వాటికీ "స్తోత్రం" అంటున్నాడు. శనివారం సాయంత్రానికి ఒక్కటైనా అమ్ముడవకపోతే పెట్టెలన్నీ తనే మళ్ళీ తిరగేస్తానని, గల్లా దగ్గర తనే కూర్చుంటానని రత్నాలమ్మ తేల్చి చెప్పేసింది.

శనివారం ఐదింటికి పాస్టరుగారే వచ్చారు. యువరాజుకి పరలోకం దిగినట్టయింది.

"రేపు మన సంఘానికి పెద్దలొస్తున్నారు బ్రదర్. అరకిలో పెట్టె ఒకటివ్వండి," అని మూత తీసి ముఖం ముడుచుకున్నారు. "ఇదేంటి, అన్నీ ముక్కలే?"

"కింద నిండు పప్పుంది అయ్యగారూ!"

"కింద ఉంటే ఎవరికి కనపడుద్ది బ్రదర్? అందరిముందూ మూత తీస్తారు. పైవరస బాగుండేలా పేర్చండి. కింద ఏదున్నా ఫర్లేదు."

"అయ్యగారూ, మరి ఆరాధన..."

"ఎనిమిదిన్నరకే. లేటు చెయ్యకండి."

రత్నాలమ్మ అప్పటికే పెట్టె అందుకుని తిరగెయ్యడానికి చేతులు చాచింది. యువరాజు రెండోవైపు గట్టిగా పట్టుకున్నాడు. తిరగేస్తే వారం రోజుల ఆరాధన పోతుంది. తిరగెయ్యకపోతే కొట్టు పోతుంది. పైగా అడుగుతున్నది ఆరాధన నేర్పినాయనే.

బాబ్బాబు, చదివినవాళ్ళెవరైనా ఒక దారి చెప్పండి. మీ ఇంటికొచ్చిన పెట్టెల్లో కిందివరస ఎప్పుడైనా చూశారా? ఈయన ఏం చెయ్యాలి? కాస్త తొందరగా చెప్పండి, పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు.