కొత్త తాడు

గుర్వయ్య మునిగిపోవడం మేం డెబ్బై మందిమి కళ్లారా చూశాం. ఆ ఆషాఢంలో కృష్ణ నిండుగా పారుతోంది. కొల్లాపూర్‌కు దిగువన మా గుండ్లరేవులో నదిలోకి చొచ్చుకుపోయిన రాతికట్ట పాతబడి బీటలిచ్చింది. రజాకార్ల పడవలు ఆగాలంటే దాన్ని గట్టిపరచాలి. అందుకని దొర వరద తగ్గకముందే మమ్మల్ని వెట్టికి దింపాడు. నడుము లోతు నీళ్లలో బండ మోస్తున్న గుర్వయ్య కాలు జారింది.

"దొరా, పడవ తాడియ్యుండ్రి! మనిషి కొట్టుకపోతాండు!" అని అతని భార్య సుక్కమ్మ మొత్తుకుంది.

గడ్డ మీద గొడుగు కింద కూర్చున్న దొర తాడుచుట్ట మీద చెయ్యి వేశాడు. "కొత్త తాడు. నానితె ఖరాబైతది. నిలవడ్డరేంది? మొయ్యుండ్రి!"

మొయ్యకపోతే దొర మనుషుల తుపాకులు. మోశాం. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

మర్నాడు గొర్లదొడ్డిలో సంఘం కూడింది. సుక్కమ్మ ఏడవలేదు. "నాకు దొర పానం గావాలె," అంది.

అడవికి పోదామన్నారు కొందరు. మేస్త్రి పోచయ్య వేరే దారి చెప్పాడు. కట్ట లోపల సున్నం బదులు రేగడి మట్టి నింపి, పైన మాత్రం సున్నం పూయాలి. చూపుకు గట్టిగా ఉంటుంది, నీళ్లు ఊరాక బరువు పడితే జారుతుంది. చెప్పి తనే తల వంచుకున్నాడు.

"గా కట్ట మా తాత కట్టిండు. నా చేతులతోని పాడుజెయ్యాలంటె పానమొప్పుతలేదు."

"దొరను ముంచినంక మళ్ల గట్టిగ కట్టు, పోచన్నా. గప్పుడది మనదైతది," అంది సుక్కమ్మ.

"మనోళ్లు పడితె?" అన్నాడు గొర్లకాపరి బీరన్న.

మాకు నవ్వొచ్చింది. మా రేవులో పూత అయ్యాక మొదట దొర చెప్పులతో కొనదాకా నడవాలి. అప్పటిదాకా కట్టినవాడి కాలు దాని మీద పడకూడదు. మమ్మల్ని దూరం పెట్టడానికి దొర తాతలు పెట్టిన ఆచారం అది.

పోచయ్య చెప్పినట్టే కట్టి పూశాం. పదిరోజులకు దొర వచ్చాడు. వెనక ఇద్దరు తుపాకివాళ్లు. "బాగ గట్టిండ్రురా," అంటూ కొన మీద మడమతో తన్ని చూశాడు. కట్ట కడుపు జారింది. ముగ్గురూ బండలతో సహా కృష్ణలో పడ్డారు.

"తాడు! తాడెయ్యుండ్రి!"

గడ్డ మీది తాడుచుట్ట అప్పటికే సుక్కమ్మ చేతిలో ఉంది. ఆమె వెనక మేమందరం నిలబడ్డాం. ఒక్కరూ కదల్లేదు.

"కొత్త తాడు, దొరా. నానితె ఖరాబైతది," అంది.

నాకు జాలి కలగలేదు. ఈనాటికీ కలగలేదు.

సాయంత్రానికి పోలీసులు దిగారు. "ఎవడు గట్టిండు గీ కట్ట?" అని జమేదారు గద్దించాడు.

"నేనే," అన్నాడు పోచయ్య. "నేనే," అంది సుక్కమ్మ. బీరన్న, నేను, ముసలోళ్లు, ఆడోళ్లు, అందరం అదే మాట. మమ్మల్ని కట్టడానికి ఆ కొత్త తాడు సరిపోలేదు. ఇరవై మందిని కట్టి నడిపించారు, మిగిలినవాళ్లు కట్టకుండానే వెంట నడిచారు.

మలుపులో పోచయ్య వెనక్కి తిరిగి ఊరికి వినపడేలా కేకేశాడు.

"సున్నం నానవెట్టుండ్రి! అచ్చినంక మనకోసం కడుదాం!"