గ్లాసెడు బియ్యం

వ్యాన్ వెనక తలుపు పైకెత్తి ఉంది, దాని నీడలో మద్దిలేటి గొంతుక్కూర్చుని ఒంటిపొయ్యి వెలిగిస్తున్నాడు, చనిపోయి ఏడు నెలలైన నా మొగుడు అగ్గిపుల్ల గాలికి ఆరిపోకుండా రెండు చేతుల మధ్య దాచుకోవడం చూస్తూ కూడా నాకు ఆశ్చర్యం వేయడం లేదు, ఒళ్ళంతా అలసటగా ఉంది, అంతే. మేం ఆగింది ఏ ఊరి దగ్గరో తెలియడం లేదు. బేతంచెర్ల రోడ్డు పక్కన ఉండే నాపరాళ్ళ దొంతరలు ఒకవైపు కనిపిస్తున్నాయి, అటే చూస్తూ ఉంటే అవి మెల్లగా ఒకదాని మీద ఒకటి పేర్చిన కుక్కర్లవుతున్నాయి, మూతల్లేనివి, పిడులు విరిగినవి, నేను కళ్ళు తిప్పుకోగానే మళ్ళీ రాళ్ళవుతున్నాయి. రోడ్డు తెల్లగా ఉంది, అది ఎండో మబ్బో చెప్పలేను.

"ఏమ్మే సుంకులా, కొలగ్లాసు యాడ పెట్టినావు?" అంటాడు వెనక్కి తిరక్కుండానే.

"నన్నడిగితే? నీ బండి, నీ సామాను, నువ్వే ఎతుక్కో," అంటాను.

వెతుకుతాడు. సీటు కింద వెతుకుతాడు, స్పానర్ల పెట్టెలో వెతుకుతాడు, చొక్కా జేబులో చెయ్యి పెట్టి మోచేతి దాకా దించుతాడు. అంచు దగ్గర సొట్ట పడిన ఆ స్టీలు గ్లాసుతోనే పదకొండేళ్ళు మా ఇద్దరి తిండీ కొలిచాం. ఊరూరా తిరిగి గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేయడం మా పని, వండుకోవడం, తినడం, పడుకోవడం అన్నీ ఆ వ్యాన్‌లోనే. బియ్యం ఒక గ్లాసు, నీళ్ళు రెండున్నర, ఒక్క విజిల్ రాగానే పొయ్యి ఆపేసి కుక్కరును దుప్పట్లో చుట్టి నా ఒడిలో పెట్టేవాడు, గ్యాసు మిగలాలని. తర్వాతి ఊరు చేరేసరికి అన్నం దానంతటదే ఉడికి ఉండేది. అందులోకి చింతపండు గొజ్జు, లేదంటే వేరుశనగలు నూరిన ఊరిబిండి. పొద్దున బొరుగులు తడిపి తాలింపేసిన ఉగ్గాణి, సాయంత్రం మిగిలిన అన్నంలోకి నీళ్ళ మజ్జిగ. కూర అన్నది తన పొయ్యి బాగైందన్న సంతోషంలో ఏ ఇల్లాలైనా గిన్నెలో పోసిస్తేనే. గొప్పగా చెప్పుకునే తిండి కాదు, కానీ ఆకలయ్యేది, తినేవాళ్ళం.

గ్లాసు ఎక్కడుందో నాకు తెలుసు. పైకప్పు మీద మైకు బిగించినచోట ఒక కన్నం ఉంది, వాన కారకుండా దాని కింద నేనే పెట్టాను. చెప్పను. గ్లాసు దొరికితే బియ్యం డబ్బా ఏదంటాడు, డబ్బా మూత తీస్తే నా బండారం బయటపడుతుంది. అందుకే డబ్బా మీద కూర్చుని, చుట్టూ చీర కుచ్చిళ్ళు పరుచుకుని, ఎండకు కళ్ళు చిట్లించినట్టు నటిస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, ఇలాంటి రోడ్డు పక్కనే బండి ఆపి, "బియ్యం కడుగుతావా?" అని అడిగాడు. పొద్దుటి నుంచి పద్నాలుగు కుక్కర్ల మూతలకు రబ్బర్లు ఎక్కించిన వేళ్ళు నావి, మళ్ళీ ఒక కుక్కరు ముట్టుకోవాలంటేనే ఏడుపొచ్చింది. "బియ్యం అయిపోయినాయి" అన్నాను. డబ్బా అడుగున సరిగ్గా గ్లాసెడు బియ్యం ఉన్నాయి. "సరేలే" అన్నాడు, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పిడికెడు బొరుగులు తిన్నాడు, చెంబెడు నీళ్ళు తాగి వెనక సీటు మీద పడుకున్నాడు, నేను లేపితే లేవలేదు. గుండె అన్నారు ఆస్పత్రిలో. నాకు మాత్రం ఆకలి అన్నట్టే వినిపించింది. అప్పట్నుంచి బండి నేనే నడుపుతున్నాను, పని మానలేదు, కానీ కొత్త బియ్యం తేలేదు, ఆ గ్లాసెడూ వండలేదు, బొరుగులూ బన్నులూ తిని రోజులు వెళ్ళదీస్తున్నాను.

"ఆ డబ్బా మీంచి లెయ్యి," అంటాడు.

"మోకాళ్ళు పట్టేసినాయి. లేవలేను."

అనగానే మైకు దానంతటదే మొదలవుతుంది. అందులో ఉన్నది ఆయన గొంతే, ఎప్పుడో రికార్డు చేసుకున్నది, ఇప్పటికీ రోజూ దాన్నే పెట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాను, "అమ్మా, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాం, కుక్కర్లు బాగుచేస్తాం, మంట ఎర్రగా వచ్చినా, విజిల్ రాకపోయినా," అని సాగుతూ సాగుతూ ఆ గొంతు సన్నబడి నా గొంతవుతుంది, "బియ్యం అయిపోయినాయి, బియ్యం అయిపోయినాయి" అని ఊరంతటికీ వినిపించేలా అరుస్తుంది. రాళ్ళ దొంతరల వెనక నుంచి ఆడవాళ్ళు కుక్కర్లు చంకన పెట్టుకుని వచ్చి వరసగా నిలబడి నన్నే చూస్తారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. మైకు తీగ పీకేద్దామని లేస్తాను, తీగ పట్టుకుని లాగితే అది ఎంతకీ తెగకుండా వస్తూనే ఉంటుంది, చివరికి నా చేతిలో తీగ కాదు, దుప్పటి అంచు ఉంటుంది.

దుప్పట్లో కుక్కరు. నా ఒడిలో ఉంది. బండి నడుస్తోంది, స్టీరింగు దగ్గర మద్దిలేటి ఒక చేత్తో తోలుతూ రెండో చేయి కిటికీ బయట పెట్టుకున్నాడు. మేం బియ్యం వేయనేలేదు కదా అనుకుంటాను, అయినా దుప్పటి లోంచి వెచ్చదనం నా పొట్టకు తగులుతూ ఉంది. రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఆ నీళ్ళలో కూడా ఒక వ్యాన్ తలకిందులుగా మాతోపాటు వస్తోంది.

"మైకులో చెప్పింది ఇన్యావా?" అని అడుగుతాను.

"ఇన్యాలే. అది నాకు కొత్తా?"

"కొత్త కాకుండా ఎట్లుంటాది? డబ్బాలో గ్లాసెడు బియ్యం ఉండాయప్పా ఆ పొద్దు. నాకు చాతకాక అబద్ధం చెప్పినా."

"తెలుసు."

ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండుతుంది. ఏడు నెలలుగా తిండి సయించక, నిద్ర పట్టక, ప్రతి కుక్కరు మూత వెనకా ఈయన ముఖమే చూస్తూ నేను కుమిలిపోతుంటే, ఈయనకు తెలుసట.

"ఎట్ల తెలుసు? డబ్బా తీసి చూస్తివా?"

"చూడల్సిన పని లేదు," అంటాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఈ బండిలో బియ్యం నిండుకున్నాయి అంటివి, ఉప్పు నిండుకున్యాది అంటివి, నూనె, గ్యాసు, అన్నీ నిండుకున్యాయే గానీ ఒక్కనాడైనా అయిపోయినాయి అన్యావా? నీ నోట ఆ మాట వస్తే మీయమ్మ నెత్తిన మొట్టేది కదా. ఆ పొద్దు అయిపోయినాయి అంటివి. అప్పుడే అనుకుంటి, డబ్బాలో ఉండాయి, దీనికి ఓపిక లేదు అని."

నిజమే, వంటింట్లో లేదు, అయిపోయింది అనకూడదని మా అమ్మ నేర్పింది, ఖాళీ డబ్బాను చూపించి కూడా నిండుకుంది అనడమే నాకు అలవాటు. ఆ రోజు ఆ మాటతో అబద్ధం ఆడటానికి నాలుక తిరగలేదేమో, వేరే మాట వెతుక్కుంది. అలా వెతుక్కున్నట్టు నాకే తెలియదు.

"తెలిసి కూడా అడగకపోతివి," అంటాను.

"అడిగితే లేసి వండుతావు కదే."

దుప్పటిని గట్టిగా పట్టుకుంటాను. ఈ ఒక్కటీ అడక్కుండా ఈ బండి దిగకూడదు అనుకుంటాను, అడగడానికి భయంగానే ఉంది.

"ఆకలితో పోయినావా?"

గేరు మారుస్తాడు, అద్దంలో వెనక్కి చూస్తాడు, వెనకాల ఆ ఆడవాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు, చిన్నగా అయిపోతున్నారు. నేను పెళ్ళాడినప్పటి వయసులో ఉన్నట్టున్నాడు ఒక క్షణం, మరుక్షణం చెంపలు పీక్కుపోయి ఏప్రిల్‌లో ఉన్నట్టే ఉన్నాడు.

"ఆకలి ఉండె," అంటాడు. "నీకెందుకు అబద్ధం చెప్పేది. కొంచెం ఉండె. దానికంటే నిద్ర ఎక్కువుండె. నీకూ అంతే కదా ఆ పొద్దు. ఇద్దరం అలసిపోయినాం, ఒకరికి చేతులు లేవలేదు, ఒకరికి కళ్ళు లేవలేదు."

ఆకలి లేదని చెప్తాడనుకున్నాను, అలా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు ఏడుపు వస్తోంది, ఏడవటానికి కూడా ఓపిక లేక కుక్కరు మీద గడ్డం ఆనించి కూర్చుంటాను, దుప్పట్లోంచి ఉడికే అన్నం వాసన వస్తోంది.

"ఆ బియ్యం ఇంకెందుకు పెట్టుకున్నావు? పురుగు పడతాయి," అంటాడు.

"పడినాయి. ఎవరికి వండేది?"

"నీకు."

"వండితే అయిపోతాయి కదప్పా."

"ఆ మాట అనగూడదు కదా." కోపంగా కాదు, ఎవరో ఇల్లాలికి పొయ్యి వాల్వు తిప్పడం చూపించేటప్పుడు చెప్పినట్టు ఓపిగ్గా చెప్తాడు. "ఎట్లనాలో నీకు తెలుసు."

బండి ఆగిందో నీళ్ళే ఆగాయో, కిటికీ బయట ఏదీ కదలడం లేదు. ఎక్కడి నుంచో టక్కు టక్కుమని చినుకు చప్పుడు వినిపిస్తోంది, ఆయన తలెత్తి పైకప్పు వైపు చూస్తాడు.

"లోకంలో లీకులన్నీ బాగుచేస్తివి, నీ బండి మీద కన్నానికి ఇంత తారు పూయకపోతివి," అంటాను.

"పూస్తా పూస్తా అనుకుంటా ఉంటినే," అని తల గోక్కుంటాడు, పదకొండేళ్ళుగా చెప్పిన మాటే. తర్వాత చెవి రిక్కించి వింటాడు. చినుకు చప్పుడు మారుతోంది, లోహం మీద పడ్డట్టు కాదు, నీళ్ళలో పడ్డట్టు ఉంది, ఇంకా మెత్తబడుతోంది.

"గ్లాసు ఆడుందా," అంటాడు. "చెప్పకపోతివే. పో, చూడు పో."

తలుపు తీయడానికి దుప్పట్లోంచి చేయి బయటికి పెడతాను, చేతికి చల్లగా రేకు తగులుతుంది.

వ్యాన్ గోడ. తెల్లవారింది, రాత్రంతా కురిసిన వాన ఇప్పుడిప్పుడే తెరిపిచ్చినట్టుంది, పెట్రోలు బంకు వెనక నేను ఆపినచోటే బండి ఉంది. ఒడిలో దుప్పటి ఉండచుట్టుకుని ఉంది, లోపల ఏమీ లేదు. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. మైకు కన్నం కింద సొట్ట గ్లాసు అంచుదాకా నిండి ఉంది, ఇంకొక్క చినుకు పడితే పొర్లేలా ఉంది, పడటం లేదు.

లేచి ఆ నీళ్ళు కిటికీలోంచి పారబోసి, గ్లాసు కొంగుతో తుడిచి, డబ్బా మూత తీస్తాను. పురుగులు ఏరేసరికి బాగా వెలుగొచ్చింది. గ్లాసుకు కొంచెం తక్కువే వచ్చాయి బియ్యం, కొన్ని పురుగుల పాలయ్యాయి. కడిగి కుక్కర్లో పోసి పొయ్యి వెలిగిస్తాను, ఒక్క విజిల్ రాగానే ఆపేసి దుప్పట్లో చుట్టి ఒడిలో పెట్టుకుంటాను. డబ్బా బోర్లించి అడుగున తడతాను. ఒక్క గింజ కూడా రాలదు.

ఆయన సీటు వైపు తిరిగి, "బియ్యం నిండుకున్నాయప్పా," అంటాను.