నాలుగొందల గుమ్మాలు

సోమవారం పొద్దున నైరీ టాకాపు పేజీ తెరిచేసరికి, తనతో సహా దాన్ని రాసిన నాలుగొందల పన్నెండు మంది పేర్లూ మాయమయ్యాయి. ఆ చోట వాళ్లలో ఒకడైన క్యాలం పెట్టిన కంపెనీ పేరొక్కటే ఉంది. కింద కొత్త లైసెన్సు: ఇకపై టాకాపును ఇతరులకు నడిపిపెట్టి ఎవరూ డబ్బు తీసుకోకూడదు.

సమాచారాన్ని భద్రపరిచే ఆ ప్రోగ్రాంను తొమ్మిదేళ్లుగా అందరూ కలిసి ఉచితంగా రాశారు. నైరీ దాన్ని పడవల సంఘాలకూ చిన్న క్లినిక్‌లకూ నడిపిపెట్టి బతుకుతోంది.

సాయంత్రానికి వెల్లింగ్టన్ రేవులోని రోయింగ్ క్లబ్బు హాలు టాకాపు రాసినవాళ్లతో నిండిపోయింది.

"పెద్ద క్లౌడ్ కంపెనీ మన సరుకును అద్దెకిచ్చుకుంటోంది. ఒక్క లైనైనా రాసిచ్చిందా? అందుకే తలుపేశాను," అన్నాడు క్యాలం.

"దొంగకేసిన తలుపులో నా చెయ్యి నలిగిందయ్యా," అంది నైరీ.

"నీకు విడిగా అనుమతిస్తాలే."

"నేను రాసినదానికి నువ్విచ్చేదేంటి?"

"హక్కులు మా కంపెనీకి రాసిచ్చావుగా. సంతకముంది."

ఉంది. ఆరేళ్ల కిందట ఇదే హాల్లో, వేయించిన చేపముక్కలు తింటూ పెట్టింది.

"చదవలేదు," అంది. "అడిగింది నువ్వు కదాని."

క్యాలం తల దించుకుని వెళ్లిపోయాడు. వెనక వరసలోంచి ఆ క్లౌడ్ కంపెనీ మనిషి ఫెన్విక్ ఒక కాగితంతో లేచాడు.

"నిన్నటిదాకా ఉన్న కాపీ పాత లైసెన్సుదే. దాన్నెవరూ వెనక్కి లాక్కోలేరు. దాంతోనే మళ్లీ మొదలెట్టండి. ఇరవై మంది ఇంజినీర్లనిస్తాం. ఇక్కడ సంతకం చాలు."

చప్పట్లు మోగాయి. నైరీ ఈసారి చదివింది. హక్కులు రాసిచ్చే అదే కాగితం, కంపెనీ పేరే మారింది.

"చేప ఎత్తుకుపోయిన పిల్లి వల కొనిపెడతానంటోందర్రా," అన్నాడు ముసలి సెఫో.

"వాళ్లు లేకుండా ఎన్నాళ్లు లాగుతాం తాతా?" ఒక విద్యార్థిని అడిగింది.

నైరీ బల్లెక్కింది.

"కష్టమే. అయినా లెక్క చూడండి. ఒక్కడి పేరునున్న సరుకును ఒక్క సంతకంతో అమ్మేయొచ్చు. ఇకమీదట ఎవరు రాసింది వాళ్ల పేరునే ఉంటే, అమ్మేవాడు నాలుగొందల గుమ్మాలు తొక్కాలి. ఒక్క గుమ్మం కాదన్నా బేరం చెడుతుంది. మీవాళ్లూ వచ్చి రాయొచ్చు ఫెన్విక్ గారూ, అందరితోపాటే. సంతకాలు మాత్రం లేవు."

కాగితం తిరగేసి వెనకవైపు తన పేరు రాసి, విద్యార్థినికిచ్చింది. పాత జాబితా గుర్తున్నంత వరకూ ఒక్కొక్కరే చెబుతుంటే ఆమె ఎక్కిస్తోంది.

"క్యాలం పేరు?" అని ఆమె అడిగింది.

"వద్దు, కొట్టెయ్," హాలంతా అరిచింది.

నైరీ బల్ల దిగి విద్యార్థిని పక్కకొచ్చింది. టాకాపు మొదటి లైను రాసింది అతనే.

"రాయి. పేర్లు చెరిపేవాళ్లం మనం కాదు."

ఫెన్విక్ తన కాగితం తిరిగివ్వమని చెయ్యి చాపాడు. ఎవరూ ఇవ్వలేదు.